కురుసుర గారికి, మాటిమాటికీ వచ్చే ఒక విశాఖవాసి రాయునది

అయ్యా ఐఎన్ఎస్ కురుసుర గారూ,

ఆర్కే బీచ్ ఒడ్డున మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేనంత క్షేమంగా లేను. సెలవులిచ్చేశారు, చుట్టాలు బయల్దేరారు.

మీరు జలాంతర్గామిగా సోవియట్ యూనియన్ నుంచి వచ్చి 1969లో నేవీలో చేరారు, 1971 యుద్ధం చూశారు, 2001లో రిటైరయ్యారు. మరుసటి ఏడాదే మ్యూజియమై కూర్చున్నారు. నా సర్వీసు పెళ్లయిన నాడు మొదలైంది, ఇంకా రిటైర్‌మెంటు లేదు. మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ గ్లాసు కింద పెట్టకముందే అడిగేది ఒకటే. "సబ్‌మెరైన్‌కి ఎప్పుడెళ్దాం?"

ఇప్పటికి పద్నాలుగుసార్లు మీ కడుపులోకి దిగాను. పొడవు 91 మీటర్లు, 22 టార్పెడోలు, 75 మంది సిబ్బంది. వివరించే మాజీ నేవీ ఆయన నోరు విప్పేలోపే నా పెదాలు కదులుతుంటాయి. గుండ్రటి తలుపు రాగానే నడుం దానంతటదే వంగుతుంది. మొన్న పడగ్గది గుమ్మం దగ్గర కూడా వంగానని మా ఆవిడ నవ్వింది.

పోయినసారి రాజమండ్రి నుంచి బావమరిది, అత్తగారు వచ్చారు. ఒకదాని మీద ఒకటి బిగించిన మంచాలు, ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు గోడకు అతుక్కోవాల్సిన దారి, ఎటు చూసినా మీటర్లు, వాల్వులు. మావాడు అన్నీ శ్రద్ధగా చూసి, "బావా, బీచ్ ఫేసింగ్ కదా, అద్దెకిస్తే ఎంతొస్తుందంటావ్?" అన్నాడు. అత్తగారు మాత్రం మీ వంటగది దగ్గర ఆగిపోయారు. "75 మందికీ ఇందులోనా వండేది?" అని, వంటిల్లు ఇరుకని ఏడాదిగా గోల పెడుతున్న కూతురి వైపు ఒక్క చూపు చూశారు. మా ఇంట్లో వంటింటి రిపేరు ఆరు నెలలు వాయిదా పడింది. ఆ ఒక్క విషయంలో మీకు రుణపడి ఉన్నాను.

బయటికొచ్చాక మురీ మిక్చర్ ఎలాగూ తప్పదు. పొట్లం చేతిలో పడగానే రోడ్డవతల మీ స్నేహితుడు, 2017 నుంచి అక్కడే వాలి ఉన్న టీయూ-142 విమానం, మావాళ్ల కంట పడుతుంది. మళ్లీ టికెట్లు. ఆ తర్వాత కైలాసగిరి, శివపార్వతుల ముందు ఫొటో.

భీమిలి దారిలో తొట్లకొండ ఉంది, రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం, అక్కడికి పోదామా అంటే "ఏముంటుంది అక్కడ?" అంటారు. ఏముంటుంది, రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం, గాలి, కింద సముద్రం. ఆ మాటకొస్తే ఇన్నేళ్లలో నేను చూసిందీ ఒక్కసారే. మీతోనే సరిపోతోంది.

ఈసారి మాత్రం దేవుడు కరుణించాడనుకున్నాను. పిన్నిగారి కుటుంబం ఆదివారం రాత్రి దిగుతోంది. సోమవారం మీకు సెలవు. మనసులో పండగ చేసుకుంటూ, "అయ్యో, రేపు మూసేస్తారే!" అని ఫోన్‌లో తెగ బాధపడ్డాను.

"దానికేముంది నాయనా, మంగళవారం దాకా ఉంటాంలే" అంది పిన్ని.

పదిహేనోసారి కలుద్దాం.

ఇట్లు,
నడుం వంచిన
మీ విశాఖవాసి