రేవుకు కావలసింది బోర్డు కాదు, తాడు

ఎవరో మునిగిపోయిన మర్నాడు ఒడ్డున ‘ఈత నిషేధం’ బోర్డు వెలుస్తుంది. అక్కడితో అధికారుల పని అయిపోతుంది. పిల్లలు మాత్రం దిగడం మానరు. పెద్దల కంట పడని చోటు వెతుక్కుని, మరింత ఎగువకు పోయి దిగుతారు. ఆపద వస్తే అక్కడ కేక వినేవాళ్లు కూడా ఉండరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోతున్నా మన జవాబు ఒక రేకు ముక్కేనా?

ఆ రేకు మీద అసలు సంగతి ఒక్కటీ ఉండదు. తేట నీరు పైనుంచి చూస్తే ఉన్న లోతులో ముప్పాతికే కనిపిస్తుంది, నాలుగడుగులు మూడడుగుల్లా ఉంటుంది. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు వస్తుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే నీటి తోపుడు నాలుగు రెట్లవుతుంది. చెక్‌డ్యామ్ కింద నురగ లేచే చోట నీరు వెనక్కి తిరుగుతూ మనిషిని గోడ వైపే లాగుతుంది, గజ ఈతగాడు కూడా బయటపడలేడు. వడి నీటిలో నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకు పెట్టి, ఏటవాలుగా ఒడ్డుకు చేరాలి.

ఇక తాడు సంగతి. తల నీటిపైన నిలవడానికి సుమారు 5 కిలోల తేలుడు బలం చాలు. మూత గట్టిగా బిగించిన 5 లీటర్ల ఖాళీ క్యాన్ అంత బలం ఇస్తుంది, 20 లీటర్లదైతే ఇద్దరికి సరిపోతుంది. దానికి 15-20 మీటర్ల తాడు కట్టి రేవులో వేలాడదీయాలి. విసిరేటప్పుడు గాలికి కొట్టుకుపోకుండా లోపల కొద్దిగా నీళ్లుండాలి. మనిషిని దాటి పడేలా విసిరితే తాడు చేతికందుతుంది. లాగేవాళ్లు ఒడ్డున బోర్లా పడుకోవాలి, లేకపోతే వాళ్లూ లోపలికి పోతారు. పక్కనే పొడవాటి వెదురు గడ ఒకటి ఉంచాలి. మునిగేవాడు చాలాసార్లు అరవలేడు, అతని నోరు నీటి మట్టం దగ్గరే ఆడుతుంటుంది. అందుకే ఒడ్డున ఒకరు ఫోన్ పక్కన పెట్టి చూస్తూ కూర్చోవాలి.

తాడు కడితే దిగమని పిలిచినట్టే కదా అంటారు కొందరు. వరద రోజుల్లో, గేట్లు ఎత్తినప్పుడు, నిలువు గోడల క్వారీ గుంతల్లో నిషేధం సబబే. మామూలు రేవులో జనం ఎలాగూ దిగుతారు. తాడు లేనంత మాత్రాన ఆగిన వాళ్లెవరు?

అసలు లోపం బడిలో ఉంది. ఈతంటే పతకాల పోటీ అనుకుని, కొలను లేదు కాబట్టి నేర్పలేమంటున్నాం. తేలడానికి పోటీ కొలను అక్కర్లేదు. నడుము లోతు నీరు, పక్కన నేర్పే మనిషి ఉంటే చాలు. చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, నిండా గాలి పీల్చి, చేతులు చాచి రెండు నిమిషాలు తేలడం ప్రతి బిడ్డకూ అయిదో తరగతి దాటేలోపు రావాలి. లెక్కల పరీక్ష పెట్టినట్టే దీనికీ పరీక్ష పెట్టాలి.