సిమెంటుకు ఎవరు చెబుతారు?

విజయనగరంలో మా వీధి మొదట్లో ఒక కల్వర్టు కడుతున్నారు. పని 92 శాతం పూర్తయిందని మేనేజర్ గారి ట్యాబ్ చెబుతోంది. మిగిలిన 8 శాతంలో కల్వర్టు ఉంది.

ఆయన సామాన్యులు కారు. ప్రాజెక్టు మేనేజ్‌మెంటులో పీఎంపీ సర్టిఫికెట్ ఉన్నవారు. 2021లో ఆ పరీక్షను మార్చినప్పుడు 42 శాతం ప్రశ్నలను మనుషులతో పని చేయించే విద్యకే కేటాయించారు. ఆ 42 వదిలేసినా గట్టెక్కవచ్చునని మా వీధిలో రోజూ రుజువవుతోంది.

మనుషులను ఆయన మనుషులు అనరు, రిసోర్సులంటారు. ఇసుక రిసోర్సు, కంకర రిసోర్సు, మేస్త్రీ రిసోర్సే. ఎదురు చెప్పదు కనుక ఇసుకంటే కాస్త ఎక్కువ మక్కువ.

బెడ్ కాంక్రీటు వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. పది రోజులు తడపాలన్నాడు మేస్త్రి. మేనేజర్ గారు ఏ పనికి ఎన్ని రోజులో గీతల్లో చూపే గాంట్ చార్టు తెరిచారు. "ఒకరు తడిపితే పది రోజులు. మరొక రిసోర్సును ఇస్తాను, అయిదు రోజుల్లో క్యూరింగ్ ముగించండి" అన్నారు. మేస్త్రి తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"అలాగే బాబూ. ఇద్దరొచ్చారని సిమెంటుకు ఎవరు చెబుతారు?"

మేనేజర్ గారు రాసుకున్నారు. మర్నాటి పట్టికలో కొత్త వరుస చేరింది. పని: సిమెంటుకు సమాచారం. బాధ్యులు: మేస్త్రి. గడువు: శుక్రవారం. శుక్రవారం సమీక్షలో ఆ వరుస ఎర్రగా ఉండటంతో అక్కడి నుంచే ఫోను చేశారు.

"చెప్పారా?"

"చెప్పాను బాబూ. వినిపించుకోలేదు."

వరుస పసుపు రంగుకు మారింది. పురోగతి అంటే అదే.

తర్వాత దసరా వచ్చింది. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఈ ఊళ్లో ఎడ్లకు కూడా తెలిసిన సంగతి. చార్టులో మాత్రం అది పనిదినం. పనివాళ్లు రాకపోయేసరికి మేనేజర్ గారు దాన్ని 'ఊహించని అవాంతరం' కింద నమోదు చేశారు. ఏటా వచ్చే పండగ! (వచ్చే ఏడు సంక్రాంతిని కూడా ఆయనే కనిపెడతారు.)

బుధవారమూ ఎవరూ రాలేదు. 'రిసోర్సుల లభ్యత లేదు' అని రాశారు.

ఎక్కడి నుంచి వస్తుంది లభ్యత? మూడు వారాల కూలి బాకీ. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి, ఆ కాలువ పక్కనే టార్పాలిన్ కింద వండుకు తిన్నవాళ్లు, పండగకు పిల్లలకు చొక్కా కొనలేక ఒట్టి చేతులతో ఇంటికి వెళ్లారు. అటు నుంచి అటే చెన్నై రైలెక్కారు. బిల్లు పాస్ కాలేదట. అదే వారం హాలు అద్దెకు తీసుకుని, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, ఆఫీసు సిబ్బందికి 'జట్టు స్ఫూర్తి' శిక్షణ ఇచ్చారు. ఆ బిల్లు ఎలా పాసయింది? ఆ బిర్యానీ గొంతు ఎలా దిగింది? కూలి ఎగ్గొట్టి, వెళ్లిపోయినవాడిది నిబద్ధత లోపమని రాసే చేతికి సిగ్గుండాలి.

సరే, కల్వర్టు సంగతి. ఊచలు తుప్పు పడుతున్నాయి, పట్టిక పచ్చగా ఉంది. వెళ్లే ముందు మేస్త్రి రెండు సెంట్రింగ్ చెక్కలను కాలువకు అడ్డంగా వేసి, మేకులు కొట్టి, కదులుతున్నాయేమోనని తానే రెండుసార్లు నడిచి చూశాడు. మా వీధి పిల్లలు వాటి మీదుగానే బడికి వెళుతున్నారు. ఆ చెక్కలు చార్టులో లేవు.