కుందేలు కథలో నీతి వెతికేవాళ్ళకి ఒక నమస్కారం

ఇప్పుడే మా బావగారు వచ్చి వెళ్ళారు. ఆయనతో గొడవ పెట్టుకుంటే తర్వాత అక్క మొహం చూడాలి కాబట్టి అక్కడ నోరు మూసుకుని ఇక్కడ తెరుస్తున్నాను. భరించండి.

అక్క కూతురికి ఒక బొమ్మల కథల పుస్తకం ఇచ్చాను. నీలం కోటు వేసుకున్న కుందేలు పిల్ల కథ, పీటర్ రాబిట్. పిల్ల నేలమీద బోర్లా పడుకుని ఒకే పేజీ దగ్గర ఆగిపోయింది. కుందేలు పిల్ల తోటలో దూరి, కళ్ళు సగం మూసుకుని, ముల్లంగి కొరుక్కుంటున్న బొమ్మ అది. పక్కన నేలలో గుచ్చిన పనిముట్టు పిడి మీద ఎర్ర రొమ్ము పిట్ట ఒకటి కూర్చుని ఉంటుంది. ఆ పిట్ట గురించి కథలో ఒక్క మాట రాయలేదు. బొమ్మలోనే ఉంటుంది. కాసేపటికి ఇంకో బొమ్మలో కూడా కనిపిస్తుంది, క్యాబేజీల మధ్య ఊడిపోయిన బుజ్జి చెప్పుని వింతగా చూస్తూ. చదివిపెట్టే పెద్దవాళ్ళకి దొరకని సంగతి, చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లకి దొరికింది. "పిన్నీ, ఇది మళ్ళీ వచ్చింది!" అని అరిచింది.

సరిగ్గా అప్పుడే బావగారు పుస్తకం చేతిలోంచి తీసుకున్నారు. టకటకా పేజీలు తిప్పేశారు. "ఏంటమ్మా ఇది? వాళ్ళమ్మ వద్దంటే వెళ్ళింది, తోటలో దొంగతనం చేసింది, తప్పించుకుని ఇంటికొచ్చేసింది. ఇందులో నీతి ఏముంది?" అన్నారు. అంతటితో ఆగారా? ఫోన్ తీసి పిల్లకి వీడియో పెట్టారు. గులాబీ రంగు కుందేలు ఒకటి, సాసర్లంత కళ్ళేసుకుని డాన్స్ చేస్తూ పళ్ళు తోముకోమని చెబుతోంది. "చూడు, ఎంత కలర్‌ఫుల్‌గా ఉందో!"

నీతి అట, నీతి. పెద్దవాళ్ళు మాత్రం రాత్రి పన్నెండు దాకా పనికిమాలిన సీరియళ్ళు చూడొచ్చు, వాటిలో నీతి ఎవరూ అడగరు. ఆరేళ్ళ పిల్ల పది నిమిషాలు కుందేలు బొమ్మ చూస్తే చాలు, ఏం నేర్చుకుందో వెంటనే రశీదు చూపించాలి.

పంచతంత్రం ఉంది కదా అంటారు. ఉంది, గొప్ప పుస్తకం, కాదన్నదెవరు? కానీ విష్ణుశర్మ ఆ కథలు చెప్పింది ముగ్గురు రాజకుమారులకి రాజనీతి నేర్పడానికి. ఆ నక్కలూ సింహాలూ నిజానికి జంతువులు కావు, తోకలున్న మంత్రులు. మా పిల్లకి ప్రస్తుతానికి ఏలడానికి రాజ్యం ఏదీ లేదు. చెట్ల కింద, గట్ల మీద, పొదల్లో బతికే చిన్న ప్రాణులు ఎలా ఉంటాయో చూడాలని మాత్రం ఉంది. ఈ పల్లె జంతువుల బొమ్మల కథల్లో ఉన్న సోకంతా అక్కడే ఉంది. కోటు వేసినా కుందేలు కుందేలే. పీటర్ చెప్పులు రెండూ ఊడిపోయాక ఏం చేస్తాడు? నాలుగు కాళ్ళ మీద ఇంకా వేగంగా పరిగెడతాడు. చివరికి వలలో ఇరుక్కునేది దేనివల్ల? ఆ కొత్త కోటుకున్న పెద్ద పెద్ద ఇత్తడి గుండీల వల్ల! కోటు వదిలేసి అచ్చం కుందేలైతేనే ప్రాణం దక్కింది. నీతి కావాలంటే తీసుకోండి, ఉచితం. నాకైతే అక్కర్లేదు, ఆ గుండీలు చాలు.

ఈ పీటర్ రాబిట్ కథ రాసి, బొమ్మలు గీసిన ఇంగ్లీషావిడ బియాట్రిక్స్ పాటర్, దాన్ని 1893లో జబ్బు చేసి మంచమెక్కిన ఒక ఐదేళ్ళ పిల్లవాడికి ఉత్తరంలో బొమ్మలతో సహా రాసి పంపింది. తర్వాత పుస్తకంగా వేద్దామంటే ప్రచురణకర్తలు వద్దన్నారు. చిన్నపిల్లల చేతుల్లో ఇమిడే చిన్న సైజు కావాలి, ధర తక్కువ ఉండాలి అని ఆవిడ పట్టుబట్టింది. చివరికి 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించుకుంది. 1902లో అదే పుస్తకాన్ని ఒక ప్రచురణ సంస్థ రంగు బొమ్మలతో వేసింది. మిగతాది లోకానికి తెలుసు. పుస్తకాల రాబడి, కొంత వారసత్వం కలిపి ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో 1905 నుంచి పొలాలు కొనడం మొదలుపెట్టి, 1943లో పోయేటప్పటికి నాలుగు వేల ఎకరాల పైచిలుకు, అలాంటి చోట్లని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది. నీతి లేని దొంగ కుందేలు పుణ్యమా అని ఎన్ని కొండవాలు పొలాలు మిగిలాయో చూడండి. మరి ఆ పళ్ళు తోమే గులాబీ కుందేలు ఏం మిగిల్చింది, డేటా బిల్లు తప్ప?

ఆ బొమ్మలు ఊరికే ఊహించి గీసినవి కావు. ఆవిడ కుందేళ్ళని పెంచింది, పక్కన కూర్చోబెట్టుకుని గీసింది. చిన్నప్పుడు తమ్ముడితో కలిసి చచ్చిపోయిన జంతువుల్ని ఉడకబెట్టి ఎముకల గూడు తీసి మరీ చూసింది. పుట్టగొడుగుల్ని వందల కొద్దీ గీసి వాటి మీద పరిశోధన పత్రం కూడా రాసింది. 1897లో లండన్‌లోని లిన్నెయన్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో దాన్ని ఇంకెవరో చదివారు, ఎందుకంటే అప్పట్లో ఆడవాళ్ళని ఆ సమావేశాల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. (దీని మీద ఇంకో పోస్ట్ రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే తెల్లారిపోతుంది.) అంత చూసింది కాబట్టే ఆ కుందేలు కూర్చుంటే వీపు గుండ్రంగా వంగుతుంది, భయపడితే చెవులు వెనక్కి వాలతాయి.

ఇప్పటివాళ్ళకి ఇంకో జబ్బు. కథ మొదట్లోనే తల్లి కుందేలు పిల్లలతో చెబుతుంది, మీ నాన్న ఆ తోటలోకే వెళ్ళాడు, ఆ ఇంటావిడ 'పై'లో (మాంసం కూరి కాల్చే పిండివంట) వేసి వండేసింది అని. ఒకే వాక్యం. ఏడుపు లేదు, రాగం లేదు. "అయ్యో, పిల్లలు భయపడతారు" అని ఇప్పుడు దాన్ని దాటేసి చదువుతారు. పిల్లలు భయపడరండీ, పిల్లలు వెంటనే "ఆ 'పై'లో ఇంకా ఏమేం వేసింది?" అని అడుగుతారు. భయపడేది మీరు.

ఇంకో పుస్తకం చెప్పి ఆపుతాను. (ఆపను.) జిల్ బార్క్‌లెమ్ అని ఒకావిడ, కంచె పొదల్లో బతికే ఎలుకల కథలు గీసింది. 1980లో ఋతువుకి ఒకటి చొప్పున నాలుగు చిన్న పుస్తకాలు వచ్చాయి, బ్రాంబ్లీ హెడ్జ్. వాటికోసం ముందు ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. చెట్టు మోడుని నిలువునా కోసి చూపించినట్టు బొమ్మ ఉంటుంది. లోపల మెట్లు, అరలు, జాడీలు, ఎండబెట్టిన మూలికల కట్టలు. ఇంకో చోట నీటితో తిరిగే పిండిమర. ఆ ఎలుకలు ఏం తింటాయో, ఎక్కడ దాచుకుంటాయో, ఏ నెలలో ఏ పువ్వు పూస్తుందో అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. ఒక్క పేజీ మీద పిల్లలు అరగంట కూర్చుంటారు. "టకటకా తిప్పేసే" జనానికి అందులో ఏముంది? నాలుగు ఎలుకలు.

సరే, అసలు మంట ఇక్కడుంది. బావగారు వంక మాత్రమే.

నేనూ బొమ్మలు గీస్తాను అని మీలో చాలామందికి తెలుసు. కొన్నాళ్ళ కింద ఒక ప్రచురణకర్తకి (పేరు చెప్పను) అడవి అంచున బతికే కుందేలు, ముళ్ళపంది కథకి బొమ్మలు వేశాను. చూసి గీశాను, నిజంగా. కుందేలుకి కళ్ళు తలకి పక్కల ఉంటాయి. దాదాపు చుట్టూరా కనిపిస్తుంది దానికి, ముక్కు ముందున్న కాస్త జాగా తప్ప. వేటకి గురయ్యే ప్రాణి కదా, ఎటునుంచి ఎవరొస్తారో చూసుకోవాలి. కళ్ళు రెండూ ముందుకి ఉండేది వేటాడేవాటికి, పిల్లికి, గుడ్లగూబకి. అది గీసి పంపితే వాళ్ళ నుంచి వచ్చిన జవాబు: "మేడమ్, కళ్ళు రెండూ ముందుకి తిప్పండి, క్యూట్‌గా ఉండాలి." అంటే కుందేలుని వేటగాడిని చేయమని! తిప్పను అన్నాను. సరే అని ఇంకో లిస్టు వచ్చింది. కుందేలు నవ్వాలి. ముళ్ళపంది ముళ్ళు మెత్తగా కనిపించాలి. (మెత్తటి ముళ్ళు!) రంగుల్లో పంచ్ లేదు. అన్నిటికంటే మండించింది: "ఇది ఆడ కుందేలు అని పిల్లలకి తెలియాలి కదా మేడమ్, కనురెప్పలకి పొడవాటి వెంట్రుకలు పెట్టండి." అడవిలో కాటుక ఎక్కడ దొరుకుతుందో కూడా వాళ్ళే చెప్పాల్సింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద రచయిత పేరు బొటనవేలంత లావున ఉంది. నా పేరు వెనక అట్ట లోపల, ధర, చిరునామా, కాపీరైట్ హెచ్చరిక అన్నీ అయ్యాక చీమ తలకాయంత సైజులో. అందులోనూ ఒక అక్షరం తప్పు.

పిల్లలు అక్షరాలు నేర్చుకోకముందు చదివేది బొమ్మల్నే కదా? నీటి ఎలుక, నేల తవ్వుకుని బతికే మోల్, కప్పల కథ 'ది విండ్ ఇన్ ది విల్లోస్' 1908లో వచ్చింది. ఈ రోజు చాలామంది కళ్ళ ముందు మెదిలే బొమ్మలు మాత్రం 1931లో ఇ.హెచ్. షెపర్డ్ వేసినవి. గీయబోయే ముందు ఆయన ముసలి రచయిత కెన్నెత్ గ్రేమ్ దగ్గరికి వెళ్ళి, కథలోని నది ఒడ్డు ఎక్కడో అడిగి, స్కెచ్ పుస్తకం పట్టుకుని అక్కడే తిరిగాడు. మనుషుల మధ్య బట్టలుతికే ఆవిడ వేషంలో తప్పించుకునే కప్పని ఎంత సైజులో గీయాలి? రాయడం తేలిక, "కప్ప పారిపోయింది" అని రాస్తే సరిపోతుంది. గీసేవాడు తల పట్టుకోవాలి. ఆయన నమ్మేలా గీశాడు. అలాంటిదాన్ని "బొమ్మలు ఎవరైనా వేస్తారు" అంటారా? మొన్న ఒకాయన నాతోనే అన్నారు, "ఇప్పుడు కంప్యూటరే గీసేస్తోంది కదండీ, మీరెందుకు అంత కష్టపడటం?" అని. గీస్తుంది, ఎందుకు గీయదు? చూశాను కూడా. అందులో ముళ్ళపందికి ఐదు కాళ్ళున్నాయి. అయినా నవ్వుతోంది, కనురెప్పల వెంట్రుకలు కూడా ఉన్నాయి. వాళ్ళకి కావాల్సింది వాళ్ళకి దొరికింది.

కామెంట్లలో "చిన్న విషయానికి ఇంత అవసరమా" అని రాయబోయేవాళ్ళు దయచేసి పక్క వీధిలోకి వెళ్ళండి. ఆ ప్రచురణకర్త ఈ పోస్ట్ చదువుతుంటే మాత్రం ఒక మాట. పుస్తకం రెండో ముద్రణ కూడా అయిందని విన్నాను, సంతోషం. నాకు రావాల్సిన రెండో సగం డబ్బులు ఇంకా రాలేదు. అడిగితే అకౌంట్స్ వాళ్ళతో మాట్లాడమన్నారు. అకౌంట్స్ వాళ్ళు నా పేరు రికార్డుల్లో లేదంటున్నారు. ఎలా ఉంటుంది, మీరు అచ్చు వేసిన స్పెల్లింగ్‌తో వెతకమనండి.