విశాఖపట్నం నిన్నమొన్నటి జాలరి పల్లె కాదు

విశాఖపట్నం గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఒకే సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. "వందేళ్ల కిందట వైజాగ్ ఒక చిన్న జాలరి పల్లె. బ్రిటిష్‌వాళ్లు హార్బరు కట్టబట్టి ఊరైంది. సముద్రం తప్ప చెప్పుకోవడానికి చరిత్రా సంస్కృతీ లేవు. అక్కడున్నవాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే" అన్నది దాని సారాంశం. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నిజమని నమ్మి నలుగురికీ పంపుతున్నారు కాబట్టి, ఇందులోని ఒక్కో మాటకూ జవాబు చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

ముందుగా "జాలరి పల్లె" అన్న మాట సంగతి చూద్దాం. మన తీరంలో వేటకు వెళ్లే వాళ్లుండే చోటికి సాధారణంగా పేట అనో పాలెం అనో పేరుంటుంది. ఓడలు ఆగి సరుకు చేతులు మారే ఊరికి పట్నం అని పేరు వస్తుంది. మచిలీపట్నం, కళింగపట్నం, భీమునిపట్నం, నిజాంపట్నం అలా వచ్చినవే, విశాఖపట్నం కూడా ఆ వరసలోదే. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని 1068 నాటి శాసనంలో ఈ ఊరి పేరు కనిపిస్తుంది. ఆ శతాబ్దం ముగియక ముందే దీనికి చోళ చక్రవర్తి పేరు మీద కులోత్తుంగచోళపట్నం అన్న మరో పేరు వచ్చింది, సముద్ర వ్యాపారం చేసే అంజువణ్ణం అనే వర్తక సంఘానికి ఇక్కడ సంబంధం ఏర్పడింది. చక్రవర్తి పేరు పెట్టుకున్న రేవును, పరదేశపు వర్తకులు వచ్చి దానాలు చేసిన ఊరిని పల్లె అనడం ఏ లెక్కన చూసినా పొరపాటే.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కాలి. నౌకాదళం 1976లో విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ బౌద్ధ క్షేత్రం బయటపడింది, 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. రెండు వేల ఏళ్ల నాటి విహారాలు, స్తూపాల పునాదులతో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు అక్కడ దొరికాయి. వానాకాలంలో వెళితే రాతిని తొలిచి చేసిన తొట్లలో నీళ్లు నిలిచి ఉంటాయి, ఆ కొండకు పేరు తెచ్చినవి ఆ తొట్లే. వాటి పక్కన నిలబడి తూర్పుకు తిరిగితే తీరమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది, రోమ్ నాణెం ఈ కొండ మీదికి ఎలా చేరిందో అక్కడ నిలబడ్డవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

జాలరులను తక్కువ చేయడానికి ఈ మాట వాడటం నాకు మరింత బాధ కలిగిస్తుంది. కొండ గుర్తులను బట్టి నడిసముద్రంలో వేట చోటు పోల్చుకునే జాలరులు, వాడబలిజలు ఈ ఊరికి మొదటి నుంచీ ఉన్నవాళ్లు. ఈ నగరంలో వాళ్ల పేటలు ఎప్పుడూ ఉన్నాయి, ఈ రోజుకీ ఉన్నాయి. వాళ్లు ఉన్నంత మాత్రాన మిగతా ఊరు లేదని అర్థం కాదు.

రెండవది హార్బరు సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. 1933 డిసెంబరు 19న లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభించిన రేవు, 1941లో పునాది పడిన నౌకానిర్మాణ కేంద్రం, తర్వాత వచ్చిన చమురు శుద్ధి కర్మాగారం, నౌకాదళం, ఉక్కు కర్మాగారం లేకపోతే ఈ ఊరు 2011 నాటికి పదిహేడు లక్షల జనాభాకు చేరేది కాదు. అయితే నగరం పెరగడం వేరు, పుట్టడం వేరు. 1901 జనాభా లెక్కల్లోనే ఇక్కడ 40,892 మంది ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది బట్టల వ్యాపారం కోసం, అంటే ఆ బట్టలను నేసేవాళ్లూ అమ్మేవాళ్లూ అప్పటికే ఉన్నారు. ఇక్కడి పనివాళ్లు 18వ శతాబ్దంలో చెక్క మీద ఏనుగు దంతం తాపి చేసిన పెట్టెలు, కుర్చీలు ఈనాడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. సి.వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పిన ఏవీఎన్ కళాశాల, 1923లో మొదలైన వైద్య కళాశాల కూడా హార్బరు కన్నా ముందువే. మాంగనీసు ఖనిజం ఎగుమతికి అనువైన రేవు వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు గాలివానకు అడ్డునిలిచే డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక ఉప్పుటేరు, పక్కనే పనిచేసే ఊరు సిద్ధంగా దొరికాయి.

బ్రిటిష్ పాలనను ఈ ఊరు తలవంచి స్వీకరించిందన్న ధ్వని కూడా ఆ సందేశంలో ఉంది. 1780 అక్టోబరు 3న, హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లాలన్న ఆజ్ఞను ధిక్కరించి ఇక్కడి సిపాయిలు తిరగబడ్డారు. అది 1857కు 77 ఏళ్ల ముందు మాట.

ఇక సంస్కృతి లేదన్న మాటకు వస్తాను. సింహాచలం గోడల మీద 1098-99 నాటి కులోత్తుంగ చోళుని శాసనం మొదలుకొని గాంగులు, శ్రీకృష్ణదేవరాయల వరకు తెలుగు, సంస్కృతం, తమిళం, ఒడియా భాషల్లో శాసనాలున్నాయి. అది అందరికీ తెలిసిన క్షేత్రం కాబట్టి దాన్ని అంతటితో వదిలి, మార్గశిర గురువారం నాడు తెల్లవారుజామునే బురుజుపేటకు ఒకసారి వెళ్లమని అడుగుతాను. కనకమహాలక్ష్మి అమ్మవారికి నెత్తి మీద కప్పు లేదు. వరసలో వచ్చిన ఆడవాళ్లు, కులం ఏదైనా సరే, తెచ్చుకున్న పాలూ పసుపు నీళ్లూ తమ చేతులతోనే అమ్మవారికి పోసి, పసుపు రాసి, బొట్టు పెడతారు. పాతనగరంలో రేవు ముఖద్వారం దగ్గర మూడు గుట్టల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరుని గుడి పక్కపక్కనే ఉంటాయి. ఆ దర్గాలోని మదనీ ఔలియాకు బంగాళాఖాతం మీద అధికారం ఉందని నమ్మి, హిందువులైన ఓడ యజమానులు ప్రయాణం సుఖంగా ముగిశాక వెండి ఓడ బొమ్మలు మొక్కుగా సమర్పించేవాళ్లని బ్రిటిష్ కాలపు రాతలే చెబుతున్నాయి.

చివరిది, అందరూ బయటివాళ్లే అన్న మాట. ఒడియావాళ్లు, బెంగాలీలు, మార్వాడీలు, మలయాళీలు రైల్వే, నౌకాదళం, వ్యాపారం వెంట వచ్చి ఇక్కడ స్థిరపడిన మాట నిజమే, రేవు ఊరికి అది సహజం. అయితే వాళ్లు వచ్చిన ఊరికి అప్పటికే సొంత యాస, సొంత పండుగలు ఉన్నాయి. పైగా ఈ తీరం మనుషులను చేర్చుకున్నట్టే బయటికి కూడా పంపింది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఉత్తరాంధ్ర కూలీలు ఇక్కడి రేవుల్లోనే ఓడెక్కి రంగూన్ వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. పల్లెల్లో దాన్ని "రంగం పోవడం" అనేవాళ్లు. 1942లో బర్మా మీద జపాన్ దాడికి కొందరు, 1960లలో బర్మా సైనిక పాలనలో మరికొందరు అన్నీ వదులుకుని తిరిగొచ్చారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చింది. ఆ సందేశం లెక్కన ఆ ఇళ్లలోవాళ్లు కూడా బయటివాళ్లే. వాళ్ల తాతలు ఓడెక్కింది మాత్రం ఈ ఒడ్డు నుంచే.