సగం మిద్దె, సగం షామియానా

మా అల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేసి "మామయ్యా, ట్రైలర్ కొనాలనుకుంటున్నాం, మీ సలహా కావాలి" అన్నప్పుడు నేను ట్రాక్టరు ట్రైలరనుకున్నా. చంద్రగిరి పక్కన గుట్టుగా పొలమేమన్నా కొన్నాడేమోనని లోలోపల సంతోషం కూడా పడినా.

కాదంట. కారు వెనక తగిలించుకుని అడవులు పట్టిపోయే ఇల్లంట. అందులో మళ్ళీ రకాలు. ఒకటి నాలుగు పక్కలా గట్టి గోడలది. ఇంకోటి హైబ్రిడ్: నడిమధ్య గట్టి పెట్టె, దాంట్లో పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము. ముందూ వెనకా ఉన్న పలకలు కిందికి దించితే అవే మంచాలు, వాటి మీద గుడారం గుడ్డ. బరువు తక్కువ, తమ కారు లాగగలదు కాబట్టి అల్లుడు హైబ్రిడ్ అంటాడు. అమ్మాయి గోడలుంటేనే వస్తానంటుంది. తీర్పు నాది. "ముప్పయ్యేళ్ళు సర్వేయరుగా చేసినారు, కొలతలు మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయి?" అన్నాడు. ఆ ముక్క విన్నాక ఏ రిటైరైన ఉద్యోగి ఊరుకుంటాడు చెప్పండి!

బరువు సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసినా. ట్రైలరు బరువులో పది నుంచి పదిహేను శాతం కారు కొక్కెం మీద పడాలంట. తక్కువైతే వెనక బండి తోకలాగా ఊగిపోతుందంట. ఓరి నాయనా, ఇది మా నాయన చెరుకుబండి కట్టేటప్పుడు చెప్పిన మాటే కదా! వెనక బరువెక్కువైతే నొగలు గాల్లోకి లేస్తాయి, ముందెక్కువైతే ఎద్దుల మెడ పోతుంది. 1800 కిలోల ట్రైలరుకు 180 నుంచి 270 కిలోల దాకా కొక్కెం మీదుండాల. "ఆ కిలోలూ, లోపల కూర్చునే మనుషుల బరువూ కలిపి మీ కారే మోయాల. మేమొస్తే మీ అత్తయ్యను లెక్కలో వేసుకున్నావా మరి?" అనడిగినా. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

ఆ రాత్రి నాకు సంగట్లోకి ఊరుబిండి పడలేదు.

ఇక కొలతలు. మూస్తే 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. తెరిస్తే ముందొక 5, వెనకొక 5, వెరసి 28. కాగితం మీద చూస్తే నాకు తృప్తి లేదు. ముగ్గుపిండి డబ్బా తీసుకుని మిద్దెక్కినా. మా మిద్దె పొడవు 25 అడుగులే. వెనక మంచం మూడడుగులు పిట్టగోడ దాటి పక్కింటి మిద్దె మీద పడింది. తిరుపతిలో మా కపిలతీర్థం పక్క వీధుల్లో మిద్దెలు భుజం భుజం రాసుకునే ఉంటాయి. సరిగ్గా అక్కడే పక్కింటి అక్కయ్య వడియాలు పెట్టుకుని ఉంది. నా ముగ్గుగీత వాటి మధ్యలోంచి పోయింది.

"ఏమన్నా, రిటైరయినా మా జాగా కొలిచేది మాన్లేదే నువ్వు" అనింది.

గీత గీస్తే చాలుతుందా, పడుకుని చూడాల గదా. మెట్లగదిని గట్టి పెట్టె అనుకున్నా. దాని వాకిట్లో నవారు మంచం వేసి, చెనక్కాయలు ఎండబోసే పట్టను పైన గుడారంలాగా కట్టినా. మే నెల, పగలంతా నిప్పులు చెరిగి రాత్రికి చల్లగాలి లేచింది. పట్ట అంచు కిందనుంచి చూస్తే శేషాచలం మీద ఘాట్ రోడ్డు దీపాలు మెలికలు తిరిగి కనిపిస్తున్నాయి. మంచం పక్కన అరటిపండ్లు, చెంబు నీళ్ళు. ఆ ఊపులో అల్లుడికి ఫోన్ చేసి "హైబ్రిడ్డే తీసుకో నాయనా, ఇంకో మాట లేదు" అనేసినా. "గుడ్డ తడిస్తే మాత్రం ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ తెరిచి ఆరబెట్టాలంట మామయ్యా, లేకుంటే బూజు పడుతుందంట" అన్నాడు. అమెరికాలో ఎలోస్టోన్ అనే అడవి పార్కులో ఫిషింగ్ బ్రిడ్జి అనే చోట ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారని, గుడ్డ ఉంటే రానీరని కూడా అన్నాడు. మా మిద్దె మీద ఎలుగుబంట్లు యాడివి అని నవ్వి పడుకున్నా.

రెండు గంటలప్పుడు ఉరుము. కళ్ళు తెరిస్తే నా ముక్కుకు జానెడు పైన పట్ట నిండుచూలాలి పొట్టలాగా వేలాడుతోంది. అరచేత్తో మెల్లగా పైకి నెట్టినా. నీళ్ళు ఆ పక్కకు పోతాయనుకుంటే ఈ పక్కకే వచ్చినాయి, అదీ నా ఎడమ చెవిలోకి. లేచి మెట్లు దిగితే కింద తలుపు గడియ. మా ఆవిడ లోపల ఏసీ వేసుకుని నిద్రపోతోంది. కొట్టినా, పిలిచినా, ఫోన్ కూడా చేసినా. ఆ ఫోను ఛార్జింగులో పెట్టి హాల్లో ఉన్నట్టుంది, తలుపవతల పాపం అది మోగుతూనే ఉంది. మెట్లగదిలో పాత పేపర్ల కట్ట మీద కూర్చుని, మూడు గంటలకల్లా నేను పూర్తిగా అమ్మాయి పక్షం అయిపోయినా.

తెల్లవారి వాన నిలిచినాక బయటికి చూస్తే నా మంచం మీద కోతి. అరటిపండు తొక్క ఒలుచుకుని, ఆ చోటు ముందే బుక్ చేసుకున్నట్టు కాలు మీద కాలేసుకుని తింటోంది. నేను అదిలిస్తే అది పండ్లు చూపించింది, పళ్ళూ చూపించింది. నేనే లోపలికి పోయినా.

ఆ కోపంలో తడిపట్టను తడిపట్టగానే మడిచి మెట్ల కిందికి తోసేసినా. అయిదో రోజుకు ఇల్లంతా ముక్కవాసన. మా ఆవిడ ఎలుక చచ్చిందని బియ్యం డ్రమ్ము ఖాళీ చేయించింది, బీరువా జరిపించింది. ఆఖరుకు మెట్ల కింద చెయ్యి పెట్టి పట్టను బయటికి లాగింది. విప్పితే నల్లటి చుక్కలు, మినప్పొట్టు చల్లినట్టు. ఆమె నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని నావైపు చూసింది. ఏమీ అనలేదు, అదే భయం.

వెంటనే డాలస్‌కు ఫోన్. "నాయనా, నా తీర్పు మారింది, గోడలదే తీసుకో" అన్నా.

"అడ్వాన్సు కట్టేసినా మామయ్యా, మీరు చెప్పినారు కదా ఆ రాత్రే."

రెండు నెలలకు ఫోటో వచ్చింది. వాళ్ళ గ్యారేజీ నిండా తెరిచిన గుడారాలు, నీళ్ళోడుతున్నాయి. పక్కన ఫ్యాను తిరుగుతోంది. ఆ వెనక మా అమ్మాయి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉంది.

మా ఆవిడ ఫోటో పెద్దది చేసి చూసి, "నా బిడ్డే" అనింది.