గజం భూమి కూడా వద్దన్న అనుబియాస్‌ గారికి

మా చేపల తొట్టిలోని నీటిమొక్క మహారాజశ్రీ అనుబియాస్‌ గారికి,

ఉభయకుశలోపరి. మీలో సగమే మిగిలారు కాబట్టి అర్ధకుశలోపరి అనాలేమో.

హైదరాబాద్‌లో భూమి వద్దన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు. మా బావ శంకర్‌పల్లిలో నూటయాభై గజాల కోసం ఈఎంఐ కడుతూ నీరసించిపోయాడు. 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చేదాకా మనవాళ్లు చెరువు ఎఫ్‌టీఎల్‌ (నిండుగా నీళ్లు నిలిచే హద్దు) లోపల కూడా గోడలు లేపారు. అలాంటి ఊళ్లో రిజిస్ట్రేషన్‌ ఖర్చు లేకుండా మూడంగుళాల లోతు ఇసుక రాసిస్తే, మీరు కుళ్లిపోయి నిరసన తెలిపారు!

తప్పు నాదే అనుకోండి. షాపులో అడిగితే ‘ఇసుకల గుచ్చెయ్యన్నా, దానంతటదే పెరుగుతది’ అన్నాడు. గుచ్చేశాను. పైగా మీ ఒళ్లు అచ్చం పసుపు కొమ్ము. చిటికెన వేలంత మందాన ఆకుపచ్చగా అడ్డంగా పడుకుని, పైకి ఆకులు, కిందికి సన్నటి వేళ్లు. నిజామాబాద్‌ పసుపు మట్టిలోనేగా ఊరేది! అదీ రైజోమే (అడ్డంగా పాకే కాండం), మీదీ రైజోమే. దానికి మట్టి కావాలి, మీకేమో మట్టి తగిలితే అవమానం. పేరు చూద్దామంటే ఈజిప్టు వాళ్ల చావుల దేవుడు అనుబిస్‌ది. పాతిపెడితే సంతోషిస్తారనుకోవడంలో నా తప్పేముంది?

మూడు వారాలకు ఆకులు తొడిమల దగ్గర ఊడి పైకి తేలాయి. బయటికి తీసి నొక్కితే సగం కొమ్ము మురిగిన అరటిపండులా వేళ్ల మధ్య జారింది. వాసనకు మూసీ గుర్తొచ్చింది.

మీ పక్కింటి మొక్క క్రిప్టోకోరైన్‌కి ఈ నఖరాలు లేవు. దాని ఆకులన్నీ ఒకే కుదురులోంచి వస్తాయి, పాతినచోటే ఉంటుంది. మీరు పశ్చిమాఫ్రికా వాగుల్లో రాళ్లనూ కొయ్యలనూ పట్టుకుని బతికే వంశం. జావా ఫెర్న్‌దీ మీ బాపతే. దాని ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు చూసి రోగమనుకుని నాలుగు ఆకులు కత్తిరించాను. సిద్ధబీజాలట, అంటే దాని విత్తనాల్లాంటివి. ఆ పాపం వేరే ఖాతా.

మీలో గట్టిగా మిగిలిన ముక్క కోసం, పక్క వెంచర్‌వాళ్లు సెల్లార్‌కని పేల్చిన గుట్ట దగ్గర పిడికెడు రాయి ఏరుకొచ్చాను. ఈ ఊరి గ్రానైట్‌కు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఇంతకంటే పాత ప్రాపర్టీ ఎక్కడ దొరుకుతుంది? సూపర్‌ గ్లూ జెల్‌ ఒక చుక్క వేస్తే మీకంటే ముందు నా బొటనవేలు అతుక్కుంది. ఈ తతంగం చూడలేక అమ్మ పూలు కట్టే దారం తెచ్చింది. కొమ్ము నలగకుండా, మల్లెలు మాల కట్టినట్టు మూడు చుట్లు చుట్టి ముడేసింది. ‘దారం నాని తెగేలోపు అదే పట్టుకుంటదిలే’ అంది. రైజోమ్‌ అన్న మాట ఆవిడ జన్మలో వినలేదు.

రెండు నెలలైంది. దారం ఒకచోట తెగింది, మీరు కదల్లేదు. కొత్త ఆకు ఒక్కటంటే ఒక్కటి, చుట్టలా చుట్టుకుని విప్పాలా వద్దా అని ఆలోచిస్తోంది. మా రోడ్డు మీద ఫ్లైఓవర్‌ మీకంటే నయం.

మీరు కాదన్న ఇసుక ఇంకా ఖాళీగానే ఉంది. మొన్న ఆదివారం బావ వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

‘కార్నర్‌ బిట్టు కదరా బామ్మర్దీ, ఊకె వదిలేసినవేంది?’

ఇట్లు,
మీ ఇంటి ఓనరు
(తానుండేది అద్దె ఇంట్లో)