పొపాయ్‌కి రెండో కన్ను

మొన్నటి కళోత్సవ నిర్వాహకులకు ముందుగా నా అభినందనలు. కామిక్స్ పాత్రలకు చేతితో రూపం పోసిన శిల్పాలను వారు ‘బాలల వినోదం’ బోర్డు కింద, జెనరేటర్ పక్కన ప్రతిష్ఠించారు. కాగితపు గుజ్జుతో చేసినవి కదా, కాస్త వెచ్చదనం తగలాలని ఏ పెద్దలో ఆలోచించి ఉంటారు. కంచుతో పోస్తే కళ, గుజ్జుతో చేస్తే ఆటబొమ్మ. ఈ సిద్ధాంతం మీకు తెలియనిదేమీ కాదు.

ఇక ప్రారంభోత్సవం. పాలకూర తిని బలం తెచ్చుకునే కామిక్స్ నావికుడు పొపాయ్ బొమ్మ ముందు ముఖ్య అతిథి ఆగి, తేరిపార చూసి, “ఒక కన్ను పెట్టడం మరిచిపోయారే!” అన్నారు. 1929లో కార్టూనిస్టు ఇ.సి. సీగర్ గీసిన నాటి నుంచీ ఆ నావికుడు ఒంటి కంటితోనే లోకాన్ని చూస్తున్నాడని చెప్పే ధైర్యం కమిటీలో ఎవరికీ లేదు. ఆ సంగతి తెలిసినవారూ లేరనుకోండి. కార్యదర్శి చెమట తుడుచుకున్నారు. కోశాధికారి నల్లరంగు కోసం పరుగు తీశారు. సన్న కుంచె దొరక్క, గోడలకు వేసే బ్రష్షు పట్టుకొచ్చారు. దాంతో కన్ను దిద్దితే ముక్కు, పైపు, గడ్డం కూడా కన్నులో కలిసిపోతాయి. ఈలోగా అతిథి పాలకూర మహిమ మీద ప్రసంగం అందుకున్నారు. ఒకతను మాత్రం బ్రష్షుకూ బొమ్మకూ నడుమ చేతులు చాచి నిలబడ్డాడు. “ఎవరతను? ఫొటోకి అడ్డం!” అన్నారెవరో. అతనే శిల్పి.

పొపాయ్‌ని నిలబెట్టడం ఎంత కష్టమో చూడండి. మోచేతి నుంచి మణికట్టు దాకా తొడంత లావు, దాని మీద లంగరు పచ్చబొట్టు. పై చెయ్యేమో పుల్ల. కాగితం మీద దేనికీ బరువుండదు కాబట్టి చెల్లింది. గుజ్జులో చేస్తే ఆ చేతులే బొమ్మను ముందుకు లాగి బోర్లా పడేస్తాయి. అందుకే కాళ్లలోంచి ఇనుప కడ్డీ దించి పీటకు బిగించాడు. మిక్కీ మౌస్ మరీ మొండిఘటం. గీసిన బొమ్మల్లో తల ఎటు తిప్పినా రెండు చెవులూ గుండ్రంగానే ఉంటాయి. శిల్పం దగ్గర రెండడుగులు పక్కకు వేస్తే ఆ చెవి సన్నని రేకైపోతుంది. ఈ చిక్కు విప్పడానికి కుస్తీ పట్టినవాడిది బాలల వినోదమా?

పీట మీది చీటీలో ప్రాయోజకుడి పేరు అరచేయంత అక్షరాల్లో ఉంది. సీగర్ పేరు లేదు. శిల్పి పేరూ లేదు. సూపర్‌మ్యాన్ ఛాతీ మీద సగం అక్షరం మూసుకుపోయేలా ప్రాయోజకుడి స్టిక్కర్!

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ సూపర్‌మ్యాన్ హక్కులను 1938లో అతని సృష్టికర్తలు జెర్రీ సీగల్, జో షూస్టర్ 130 డాలర్లకు వదులుకున్నారు. తర్వాత కథల మీద నుంచి వాళ్ల పేర్లనూ పీకేశారు. అవి మళ్లీ అచ్చుకెక్కడానికి 1975 దాకా పోరాడాల్సి వచ్చింది. కోట్లు కురిపించిన బొమ్మను సృష్టించిన వాళ్ల గతే అది! ఇంత జరిగాక కూడా, బొమ్మ చేసినవాడు ఎదురుగా నిలబడి ఉండగా అతని పేరు రాయడానికి చేతులు రాలేదంటే అది మరుపు కాదు, పొగరు. సిగ్గుండాలి.

అడిగితే చీటీలో చోటు సరిపోలేదన్నారు. నిజమే కాబోలు. కమిటీ సభ్యులందరి పేర్లూ, పదవులతో సహా, అందులోనే ఉన్నాయి మరి.